బతికుండగా దినాలు

జగిత్యాల ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక తెల్లకాగితం, పెన్ను దేవదాస్ ముందు పెట్టింది.

"మీ వంశంలో బతికున్న వాళ్ళందరి పేర్లూ రాయండి. ఎక్కడున్నా సరే. రక్తసంబంధం ఉన్నవాళ్ళే కావాలి. ఇవాళ సాయంత్రంలోగా ఎంతమందిని పిలిపించగలరో అంతమందిని పిలిపించండి."

సిరిసిల్లలో ముప్పై ఏళ్ళుగా సాంచాలు నడుపుతున్న మనిషి దేవదాస్. నాలుగు మరమగ్గాల చప్పుడులో కూడా ఏ దారం తెగిందో చెవితో పట్టుకోగలడు. అలాంటివాడికి డాక్టరమ్మ చెప్పేది రెండోసారి వింటేగాని తలకెక్కలేదు.

ఆయన కూతురు వనితకు ఎనిమిదో నెల. మాయ కిందికి ఉండటంతో ఆదివారం నుంచి రెండుసార్లు రక్తం పోయింది. ఏ క్షణమైనా ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. కార్డు మీద ఓ పాజిటివ్ అని ఉంది కదా అని ఓ గ్రూపు రక్తం తెప్పించి కలిపి చూస్తే, ఒక్క బ్యాగు కూడా కుదరలేదు, అన్నీ గడ్డకట్టాయి. శాంపిల్ కరీంనగర్ పంపితే అప్పుడు తేలింది, అది ఓ కాదని. బాంబే గ్రూపు. పదివేల మందిలో ఒక్కరికి దొరికితే గొప్ప. ఆ గ్రూపు మనిషికి ఆ గ్రూపు రక్తమే ఎక్కించాలి.

"హైదరాబాద్ తీస్కపోతే?" అని అడిగాడు అల్లుడు సంజీవ్. జగిత్యాలలోనే సెల్‌ఫోన్ల రిపేరు షాపు అతనిది.

"దారిలో బ్లీడింగ్ మొదలైతే అంబులెన్స్‌లో నేనేం చేయలేను. అదీగాక అక్కడ తెలిసిన దాత ఒక్కడే. పోయిన నెలే ఇచ్చాడు, ఇంకా రెండు నెలలు ఇవ్వకూడదు. ముంబైలో అడిగాం. పంపుతామన్నారు గానీ ఎప్పటికి చేరుతుందో చెప్పలేరు." ఆమె దేవదాస్ వైపు తిరిగింది. "మీది మేనరికమా?"

"అవునమ్మ. మా అవ్వకు సొంత అన్న బిడ్డనే చేసుకున్న."

"అయితే ఇది మీ ఇద్దరికీ మీ అమ్మగారి పుట్టింటి నుంచే వచ్చి ఉండాలి. వెతికితే అక్కడే దొరకాలి."

దేవదాస్ రాశాడు. పక్కన భార్య బాలలక్ష్మి గుర్తుచేస్తుంటే పదమూడు పేర్లయ్యాయి. మధ్యాహ్నానికి తొమ్మిది మంది వచ్చి రక్తం ఇచ్చి చూపించుకున్నారు. వనిత తమ్ముడు సాయితేజ అందరికంటే ముందే చూపించుకున్నాడు. ఒక్కరిదీ కలవలేదు.

కాగితం మీదికి ఎక్కని పేరు ఒకటి మిగిలింది. భూమన్న. దేవదాస్ తల్లి శంకరవ్వకు చిన్నాయన, అంటే ఆమె తండ్రి ఆడెపు నర్సయ్యకు తమ్ముడు. శంకరవ్వకు ఏడేళ్ళప్పుడు, చిన్న వయసులోనే చచ్చిపోయాడని ఇంట్లో అనుకునేవాళ్ళు. అంతకు మించి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

"జలపతిని అడుగరాదు," అంది బాలలక్ష్మి. "గాయిన పాడితె మన ఏడు తరాలు ఒస్తయి."

జలపతి కూనపులి వాడు. పద్మశాలీల ఇళ్ళకు మూడు నాలుగేళ్ళకోసారి వచ్చి, బొమ్మల పటం గోడకు వేలాడదీసి, కులపురాణం చెప్పి, చివర్లో ఆ ఇంటివాళ్ళ తాతముత్తాతల పేర్లు పాడటం వాళ్ళ వృత్తి. ఉండేది మల్యాలలో. దేవదాస్ దొరికిన బస్సెక్కాడు.

ముసలాయన అరుగు మీద కూర్చుని మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నాడు. సంగతంతా విన్నాడు.

"ఒట్టిగ చెప్పుమంటె చెప్పరాదు బిడ్డా. పాడుకుంట పోతెనే యాదికొస్తది."

కళ్ళు మూసుకుని, తొడ మీద చేత్తో దరువు వేస్తూ మొదలుపెట్టాడు. దేవదాస్ ఎరగని ముత్తాతలు ఒక్కొక్కరే వచ్చి పోయారు. లింగయ్యకు ఇద్దరు కొడుకులు, పెద్దోడు నర్సయ్య, చిన్నోడు భూమన్న. అక్కడ దరువు ఆగిపోయింది.

"ఏమాయె తాతా?"

"ఈడికెల్లి పాడొద్దని మీ అవ్వోళ్ళ నాయిన కట్టడి పెట్టిండు. మా నాయిన నాకు నేర్పేటప్పుడే చెప్పిండు, నేర్చుకో గని ఆ ఇంట్ల పాడకు అని."

"నా బిడ్డ పానం మీదికి వచ్చింది తాతా."

జలపతి ఒళ్ళోని కంకులు పక్కకు జరిపాడు. తర్వాత గొంతు తగ్గించి పాడాడు.

"పెద్దోడు పేరు నిలిపె, చిన్నోడు కోరుట్ల జేరె, సాయిబుల ఇంటికి అల్లుడాయె, బతికుండంగనే దినాలాయె."

దేవదాస్ ముందుకు వంగాడు. "బతికుండంగనా?"

"తమ్ముడు మతం మారిండని మీ తాత పిండం పెట్టి, గుండు గీయించుకుని, కులపోళ్ళకు అన్నం పెట్టిండట. ఇంతకన్న నాకు తెల్వదు."

బస్టాండులో నిలబడి దేవదాస్ తల్లికి ఫోన్ చేశాడు. శంకరవ్వకు ఎనభై. చూపు తగ్గింది గాని చెవులు బాగానే ఉన్నాయి.

"అవ్వా, భూమన్న తాత సావలేదట గదా. కోరుట్ల పోయిండట."



"ఆయినకు దినాలైనయ్ కొడుకా. దినాలైనోని ముచ్చట నన్నడుగకు," అంది శంకరవ్వ. ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ చేసే లోపే సంజీవ్ ఫోన్ వచ్చింది. "మామా, మళ్ళ రక్తం పోతున్నది. ఆపిన్రు గని, రక్తం ఏడుకు వడ్డదంటున్నరు. ఇంకోసారి మొదలైతె ఆగేది లేదట."

కోరుట్లలో ఎవరిని అడగాలో దేవదాస్‌కు తెలియదు. దారి చూపింది సంజీవే. అతని పక్క షాపు ఆయన అక్క ఖైరున్నీసా, కోరుట్లలో ఉర్దూ టీచరుగా చేసి రిటైరైంది. ఊళ్ళో ముస్లిం కుటుంబాల వంశవృక్షాలు రాసిపెట్టడం ఆమెకు పిచ్చి. సమాధుల మీది పేర్లు, పాత నిఖా రిజిస్టర్లలోని పేర్లు ఇరవై ఏళ్ళుగా నోటుపుస్తకాల్లోకి ఎత్తి రాసుకుంటోంది. దేవదాస్ చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆమె అప్పటికే మూడు పుస్తకాలు టేబుల్ మీద పెట్టుకుని కూర్చుంది.

"ఏ సాల్‌ల వచ్చి ఉంటడు అన్నా?"

"మా అవ్వకు ఏడేండ్లప్పుడు అనుకుంటున్న మేడమ్. అంటె యాబై రెండు, యాబై మూడు."

ఆమె కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ చదువుకుంటూ పోయింది. దేవదాస్‌కు ఆ అక్షరాలు ఒక్కటీ తెలియవు. ఆమె వేలినే చూస్తూ కూర్చున్నాడు. మతం మారాక భూమన్న పేరేమైందో తెలియదు, తండ్రి పేరు లింగయ్య అన్నదొక్కటే ఆధారం, అది రెండు పుస్తకాల్లో ఎక్కడా తగల్లేదు. టీ వచ్చి చల్లారింది. జగిత్యాల నుంచి ఫోన్ మోగుతుందేమోనని ఆయన చెయ్యి జేబు మీదే ఉంది.

మూడో పుస్తకంలో వేలు ఆగింది.

"ఇగో. దుల్హా, అంటె పెండ్లికొడుకు పేరు ఇబ్రహీం. తండ్రి పేరు లింగయ్య. పని నేత. ఊరు సిరిసిల్ల." ఆమె కళ్ళద్దాలు తీసింది. "లింగయ్య కొడుకు ఇబ్రహీం. గిది ఇన్నేండ్ల సంది నాకు అర్థంగాక పక్కకు గీత పెట్టుకున్న. నువ్వు వచ్చినంక తెలిసింది."

"ఆయిన పిల్లలు మేడమ్?"

"ఇబ్రహీం చాచా పోయి పదిహేనేండ్లయింది. కొడుకు అఫ్సర్ ఉన్నడు, టైలర్. అఫ్సర్ కొడుకు నవీద్. నవీద్ పెళ్ళాం నాహీద్ ఎవరనుకున్నవ్? అఫ్సర్ చెల్లె బిడ్డ."

దేవదాస్ తలెత్తాడు. "మేనరికం."

"మా ఇండ్లల్ల గూడ చేసుకుంటరు అన్నా. వాళ్ళ బిడ్డ మెహజబీన్‌కు ఇరవై ఐదేండ్లు, స్కూల్ల పిల్లలకు చెప్తది." ఆమె పుస్తకం మూసింది. "వరుసకు అఫ్సర్ నీకు మేనమామ. గని మనిషి గరం. ఇయ్యాల ఇంటిల్లిపాది చిన్న బిడ్డ ఊరికి పోయిన్రు, అర్ధరాత్రి గాని రారు. పొద్దున నేనే తీస్కపోత."

మర్నాడు ఎనిమిదింటికి వాళ్ళు అఫ్సర్ ఇంట్లో ఉన్నారు. ముందుగదిలో కుట్టు మిషను, దాని మీద సగం కుట్టిన షేర్వానీ. అఫ్సర్‌కు డెబ్బైకి దగ్గర. ముక్కు, నుదురు అచ్చం దేవదాస్ తాత నర్సయ్య ఫోటోలో ఉన్నట్టే ఉన్నాయి. దేవదాస్ కళ్ళు తిప్పుకోలేకపోయాడు. సంగతి ఖైరున్నీసా చెప్పింది. అఫ్సర్ మధ్యలో ఒక్క మాట అడ్డు రాకుండా విన్నాడు. కొడుకు నవీద్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మీ అమ్మ పేరేంది?" అన్నాడు అఫ్సర్ చివరికి.

"శంకరవ్వ. నర్సయ్య బిడ్డ."

ముసలాయన మిషను మీది బట్టను మడిచి పక్కన పెట్టాడు.

"మా దాది సచ్చిపోయిందని ఎవరో చెప్తె అబ్బ నన్ను తోల్కొని సిరిసిల్ల పోయిండు. నాకు పదేండ్లు. వాకిట్లకు ఒక ఆడామె వచ్చింది. నేను భూమన్నను అన్నడు అబ్బ. గా పేరు మనిషికి ఈ ఇంట్ల ఎప్పుడో దినాలైనయ్ అన్నది. అని తలుపేసింది. మా అబ్బ తల్లి లోపల పీనుగై ఉన్నది, అబ్బ బయట నిలబడ్డడు. గల్లీ మూల మీద పొద్దంత నిలబడ్డం. పాడె మా ముంగటికెల్లే పోయింది. ఒక్కడు గూడ మా దిక్కు సూడలె."

అఫ్సర్ దేవదాస్ వైపు తిరిగాడు.

"మా అబ్బకు దినాలు చేసిన్రు గద. మరి సచ్చినోళ్ళ నెత్తురు మీకెందుకు?"

"తప్పే. మా బిడ్డేం చేసింది చెప్పున్రి..."

"నేనేం చేసిన పదేండ్లోన్ని? పో అన్నా. ఆపా, నువ్వు గూడ పో."

ఖైరున్నీసా ఉర్దూలో ఏదో అనబోయింది. అఫ్సర్ చెయ్యెత్తి ఆపాడు.

గల్లీలోకి వచ్చాక దేవదాస్ గోడకు ఆనుకున్నాడు. మెహజబీన్ పెద్దదే, ఆమెనే విడిగా అడగవచ్చు అన్న ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. ఫోన్ తీసి తల్లికి చేశాడు. ఈసారి ఏమీ దాచలేదు. అఫ్సర్ అన్న ప్రతి మాటా చెప్పాడు, వాకిట్లో నిలబడ్డ ఆడమనిషి సంగతి కూడా. ఆమె ఎవరని మాత్రం అడగలేదు.



"పొల్లగాన్ని బండి తెమ్మను," అంది శంకరవ్వ. "నన్ను ఆడికి తీస్కరమ్మను."

సాయితేజ కారు మాట్లాడుకుని నానమ్మను తీసుకొచ్చేసరికి పదకొండున్నర దాటింది. ఆ మూడు గంటల్లో సంజీవ్ ఐదుసార్లు ఫోన్ చేశాడు. నాలుగోసారి, వనిత మాట్లాడతానందని ఫోన్ ఆమెకిచ్చాడు. "నాయినా, దొరికిన్రా?" అంది. "దొరికిన్రు బిడ్డా" అన్నాడు దేవదాస్. అది అబద్ధమో నిజమో ఆయనకే తెలియలేదు.

శంకరవ్వ మనవడి భుజం పట్టుకుని కారు దిగింది. అఫ్సర్ గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆమె కూడా అడుగు పెట్టలేదు.

"అఫ్సర్ అంటె ఎవరు తమ్మీ?"

ఆ పిలుపుకు ముసలాయన ముఖం బిగుసుకుంది. "నేనే."

"తలుపేసింది నేనే."

నవీద్ తండ్రి వైపు చూశాడు. లోపలి గదిలో కదులుతున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నాకు ఇరవై ఒక్కేండ్లు. మా నాయిన ఏయిమన్నడు, ఏసిన. గని ఏసిన చేతులు నావే. చిన్నాయిన నన్ను ఎత్తుకుని తిప్పిండు, కండెలు సుట్టుడు నేర్పిండు. ఆయిన ముఖం సూసుకుంట ఏసిన. పక్కన ఒక పొల్లగాడున్నడు, తెల్లంగి తొడుక్కుని. నువ్వే గావచ్చు. తలుపు సందుల నుంచి పొద్దు మూకేదాంక మిమ్ముల సూసిన, బయటికి రాలె." ఆమె మనవడి భుజం వదిలింది. "నెత్తురియ్యిమని అడుగుడానికి రాలే. అడిగే మొఖం నాకు లేదు. గా ముచ్చట నీకు చెప్పకుంట సావద్దని వచ్చిన. ఇస్తరో ఇయ్యరో అది మీది."

 శంకరవ్వ ఎండలోనే నిలబడి ఉంది. ఖైరున్నీసా కుర్చీ తెచ్చి గుమ్మం బయటే వేసింది.

లోపలి పరదా తొలగింది. బుర్ఖా వేసుకుని, భుజానికి సంచి తగిలించుకుని ఒక అమ్మాయి బయటికొచ్చింది. వెనకాల తల్లి నాహీద్ ఆమె చెయ్యి పట్టుకుని లాగుతోంది.

"వచ్చే నెల నిఖా ఉన్నది. గిప్పుడు రక్తమిస్తె కమ్జోర్ అయితవ్ బేటీ!"

"అమ్మీ, కాలేజ్ క్యాంపుల నా రక్తం పక్కకు పెట్టిన్రు, యాదున్నదా? నీ రక్తం ఏదో వేరే ఉన్నది, మళ్ళ వచ్చి టెస్ట్ చేయించుకో అన్నరు. నేను పోలె." మెహజబీన్ తాత వైపు తిరిగింది. "దాదా, పొద్దుటి సంది లోపలికెల్లి వింటున్న. ఆడ ఒకామె పండుకుని ఉన్నది. నేను పోత."

అఫ్సర్ మిషను చక్రం మీద చెయ్యి పెట్టాడు.

"నేను మాఫ్ చేసిన అని ఎవరూ అనుకోవద్దు," అన్నాడు. "పిల్ల పెద్దదైంది. పోతనంటె నేను ఆప." తర్వాత కొడుకు వైపు చూశాడు. "నువ్వూ నాహీద్ గూడ పోయి సూపించుకోన్రి. దాన్ని ఒక్కదాన్నే పంపకు."

ఒంటిగంట దాటాక జగిత్యాలలో ముగ్గురి శాంపిళ్ళూ తీసుకున్నారు. వరండాలో బెంచీ మీద ఒక చివర నవీద్, నాహీద్, ఇంకో చివర దేవదాస్, బాలలక్ష్మి. మధ్యలో ఖాళీ. నవీద్‌ది కాదన్నారు. నాహీద్‌దీ కాదన్నారు. బాలలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకో పావుగంటకు ల్యాబు నుంచి వచ్చిన మనిషి, మెహజబీన్ ఎవరని అడిగాడు.

"నేను."

"మీది, పేషెంటుది ఒకటే గ్రూప్. లోపలికి రండి. ఏమన్న తిన్నరా?"

"పొద్దున తిన్న."

ఖాళీ బెంచీ దాటి బాలలక్ష్మి ఒక్క ఉదుటున నాహీద్ దగ్గరికి వెళ్ళింది. వెళ్ళిందేగాని ఏం చేయాలో తెలియక ఎదురుగా నిలబడిపోయింది. నాహీద్ జరిగి చోటిచ్చింది.

ఒక్క బ్యాగు తీసుకున్నారు. అంతకంటే తీయకూడదు. దానికి చేయాల్సిన పరీక్షలు ఇంకా జరుగుతుండగానే, నాలుగున్నరకు వనితకు మళ్ళీ మొదలైంది. ఈసారి ఆగలేదు. స్ట్రెచర్ తోసుకుపోతుంటే దేవదాస్‌కు కూతురి పాదాలు మాత్రమే కనిపించాయి. పసుపు పూసినట్టు పాలిపోయి ఉన్నాయి.

"ముంబైది రాలేదు," అంది డాక్టరమ్మ గబగబా. "ఉన్నది ఒక్కటే బ్యాగు. దాంతోనే బయటపడాలి. సంతకం పెట్టండి."

సంజీవ్ పెట్టాడు. తలుపులు మూసుకున్నాయి.

కాసేపటికి పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఎవరూ లేచి నిలబడలేదు. ఏడుపు దూరమైంది, నర్సు పిల్లను అటు నుంచి అటే పిల్లల వార్డుకు తీసుకుపోయింది. ఆడపిల్ల అని మాత్రం చెప్పింది. వనిత గురించి అడిగితే చెప్పలేదు. మెహజబీన్ ముంజేతికి అంటించిన దూదిని నొక్కిపట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ కూర్చుంది.

ఏడింటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాగింది.

"ఉంది. బతికింది. గర్భసంచి తీసేయక తప్పలేదు, ఇంకో బ్యాగు లేదు, ఆగి చూడలేకపోయాం. ఆ ఒక్క బ్యాగు లేకపోతే ఇప్పుడు మీతో వేరే మాట చెప్పేదాన్ని."

ముంబై నుంచి రావాల్సిన బ్యాగు మర్నాడు పొద్దున చేరింది. అదీ ఎక్కించారు. పసిపిల్లకు కామెర్లు ఎక్కువగా ఉన్నాయని ఆరు రోజులు నీలం లైటు కింద పెట్టారు. ఇక పిల్లలు పుట్టరన్న సంగతి వనితకు మూడో రోజు చెప్పారు. గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం లేచి, రక్తమిచ్చిన అమ్మాయి పేరేమిటని అడిగింది. తండ్రి ఫోన్ కలిపి ఇచ్చాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గాని, అరగంట మాట్లాడుకున్నారు.

సిరిసిల్లలో ముచ్చట నాలుగు రోజుల్లో గల్లీ గల్లీకి పాకింది. కులపెద్ద ఒకాయన సాంచాల షెడ్డుకే వచ్చి, "నర్సయ్య చేసిన కట్టడిని నువ్వు తీసేసినవా దేవదాస్?" అన్నాడు.

"తీసేసిన," అన్నాడు దేవదాస్, మగ్గం ఆపకుండానే. ఇంకేమైనా అంటాడేమోనని ఆయన కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు.

మెహజబీన్ నిఖాకు నవీద్ స్వయంగా వచ్చి కార్డిచ్చి వెళ్ళాడు. కోరుట్లలో ఫంక్షన్ హాలు. వనిత ఇంకా కదలకూడదు కాబట్టి దేవదాస్, బాలలక్ష్మి, శంకరవ్వ వెళ్ళారు. ఆడవాళ్ళ వైపు శంకరవ్వను ఒక కుర్చీలో కూర్చోబెట్టి బాలలక్ష్మి పెళ్ళికూతురి దగ్గరికి వెళ్ళింది. చుట్టూ తెలియని ముఖాలు, సగం తెలిసిన భాష. ముసలామె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అఫ్సర్ ఆ పక్కగా వచ్చాడు. అతిథులకు సలాములు చెబుతూ ఆమెను దాటిపోయాడు. నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చాడు.

"తిన్నవా?"

"తిన్న."

 తర్వాత ఆయన ఒక కుర్చీ లాక్కుని, మధ్యలో జానెడు చోటు వదిలి కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న గుంపు వైపు చెయ్యి చాపాడు.

"గా పచ్చ దుపట్టా ఆమె నా చెల్లె, నాహీద్ తల్లి. గామె పక్కన ఉన్నది మా చిన్నమ్మ కోడలు. గా ఇద్దరు పిల్లలు నా చిన్న బిడ్డ కొడుకులు, మెట్‌పల్లిల ఉంటరు..."

శంకరవ్వ కళ్ళు చికిలించి, ఆయన వేలు చూపిస్తున్న వైపు చూసింది.